ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటే మా అమ్మాయి కెరీర్ ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి జాగ్రఫీలో పీజీ చేసి, ఏడాది కిందట ఒక చిన్న కంపెనీలో బిజినెస్ అనలిస్టుగా చేరింది. కొత్త శాఖ ఎక్కడ తెరవాలి, డెలివరీ పరిధి ఎంతవరకు ఉండాలి, సేల్స్ వాళ్లకు ఏ ప్రాంతం ఎవరికివ్వాలి అన్నవి వాళ్ల టీమ్ చూస్తుంది. పన్నెండు మంది టీముకు తక్కువ ఖర్చులో ఏ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో తేల్చమని మేనేజరు ఆమెకే అప్పగించారు. ఆమె ఫ్రీగా దొరికే క్యూజీఐఎస్ అంటోంది. రేపు పెద్ద కంపెనీలు ఈ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటాయా? డబ్బు పెట్టి కొనే ఆర్క్‌జీఐఎస్ అని రాసివ్వమంటే వినడం లేదు. ఈలోగా అప్పు చేసైనా ఆమెను ఉపగ్రహ చిత్రాలను ఏఐతో విశ్లేషించడం నేర్పే జియో-ఏఐ సర్టిఫికెట్ కోర్సులో చేర్పించాలని నిర్ణయించుకున్నాం. రెండు సాఫ్ట్‌వేర్లనూ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెబుతాను. దానికన్నా ముందు, ఏడాది అనుభవమున్న అమ్మాయి చేతిలో టీమంతా వాడబోయే సాఫ్ట్‌వేర్ ఎంపిక పెట్టారంటే అది మీ ఇంట్లో సంతోషంగా చెప్పుకోవాల్సిన కబురు. మీరేమో దాన్ని ఏదో ప్రమాదం ముంచుకొచ్చినట్టు రాశారు.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. సాఫ్ట్‌వేర్ పేరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, అడుగున ఉండే భయం మాత్రం మారదు. డబ్బు పెట్టి కొనని దాని మీద పని నేర్చుకుంటే పిల్లల విలువ తగ్గిపోతుందేమోనని. ఆ భయానికే ముందు జవాబు చెబుతాను.

క్యూజీఐఎస్‌ను 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టారు. రెండు దశాబ్దాలు దాటినా ఇంకా ఎదుగుతూనే ఉంది. ప్రభుత్వ శాఖలు, యూనివర్సిటీలు, కన్సల్టెన్సీలు రోజూ దాని మీద పని చేసుకుంటున్నాయి. దాని లైసెన్స్ జీపీఎల్, అంటే ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే రకం కాబట్టి వ్యాపార అవసరాలకు ఎన్ని కంప్యూటర్లలో పెట్టుకున్నా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. లేయర్లు, ప్రొజెక్షన్లు, బఫర్, ఓవర్‌లే, స్పేషియల్ జాయిన్ లాంటి, మ్యాపు విశ్లేషణకు కావలసిన అసలు సరుకు రెండింట్లోనూ ఒకటే. ఒకదాని మీద గట్టిగా పనిచేసినవాళ్లకు రెండోది అలవాటు కావడానికి కొన్ని వారాలు చాలు. ఎక్కువగా మారేది బటన్ల చోటే.

అలాగని మీ మాటలో నిజం లేదనను. ఉద్యోగ ప్రకటనల్లో ఆర్క్‌జీఐఎస్ పేరే ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని తయారుచేసే ఎస్రి 1969లో పుట్టిన కంపెనీ. పెద్ద ప్రభుత్వ విభాగాలు, విద్యుత్తు, నీటి సరఫరా సంస్థలు ఎన్నో ఏళ్లుగా దాని మీదే అల్లుకుపోయి ఉన్నాయి. మీ అమ్మాయి అలాంటి చోటికి వెళ్లదలుచుకుంటే ఆర్క్‌జీఐఎస్ కూడా తెలిసి ఉండాలి. అందుకోసం తన సొంత కెరీర్ అవసరాన్ని కంపెనీ ఖర్చు కింద రాయమంటున్నారు చూడండి, అది మాత్రం తప్పు సలహా. కంపెనీకి ఏది పనికొస్తుందో అది రాయడమే ఆమె ఉద్యోగం. మీరు పక్కన కూర్చుని ఆ రిపోర్టు దిద్దకండి.

ఇక పోలిక. ఆ పన్నెండు మందిలో మ్యాప్ గీసేదెవరు, చూసేదెవరు అన్నదే మొదటి ప్రశ్న. ఇలాంటి టీముల్లో మామూలుగా ఒకరో ఇద్దరో విశ్లేషణ చేస్తారు, మిగతావాళ్లకు రంగులు వేసిన మ్యాపు బ్రౌజర్‌లో తెరుచుకుంటే చాలు. ఆర్క్‌జీఐఎస్‌లో ప్రతి మనిషికీ ఒక యూజర్ టైప్ కొనాలి. చూసేవాళ్లకు ఒక ధర, తయారుచేసేవాళ్లకు ఇంకో ధర. ఈ లెక్క తీయకుండా పన్నెండు మందికీ ఒకే రకం కొనేసి, ఏడాది తిరిగాక సగం లైసెన్సులు ఎవరూ ముట్టలేదని తెలుసుకునే టీములు ఉంటాయి.

క్యూజీఐఎస్‌లో ఆ తలనొప్పి లేదు, కానీ అది చేసిపెట్టని పనుల ఖర్చు ఉంది. చేసిన మ్యాపును మేనేజరు ఫోన్‌లో చూడాలంటే వేరే ఏర్పాటు కావాలి. ఇద్దరు ఒకేసారి ఒకే డేటాను సవరించాలంటే పోస్ట్‌జీఐఎస్ లాంటి డేటాబేస్ పెట్టుకోవాలి. అదీ ఫ్రీనే, కానీ సర్వర్ ఫ్రీ కాదు, దాన్ని చూసుకునే మనిషి అసలే ఫ్రీ కాదు. అన్నట్టు, క్యూజీఐఎస్ కొత్త వెర్షన్లు ఏడాదిలో పలుమార్లు వస్తుంటాయి. టీము మొత్తానికి లాంగ్ టర్మ్ రిలీజ్ అనే, ఎక్కువ కాలం నిలకడగా ఉండే వెర్షన్‌నే పెట్టించమనండి. లేకపోతే ఒకరి కంప్యూటర్‌లో నడిచే ప్లగిన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఇంకొకరి దగ్గర మొరాయిస్తుంది, ఆ పంచాయితీ అంతా మీ అమ్మాయి దగ్గరికే వస్తుంది.

ఆర్క్‌జీఐఎస్ బలం సరిగ్గా ఇక్కడే ఉంది. మ్యాపును ఆన్‌లైన్‌లో పెట్టడం, ఫీల్డులో తిరిగేవాళ్లు ఫోన్‌లో వివరాలు నింపడం, ఆగిపోతే అడగడానికి ఒక సపోర్టు ఉండటం, అన్నీ ఒకే చోట దొరుకుతాయి. కానీ ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్‌లో క్రెడిట్లని, కొన్ని పనులకు ఖర్చయ్యే పాయింట్ల లాంటివి ఉంటాయి. మూకుమ్మడిగా అడ్రసులను మ్యాపు మీదికి ఎక్కించినా, డ్రైవ్ టైమ్ పరిధులు, అంటే ఇన్ని నిమిషాల్లో బండి మీద ఎంత దూరం చేరగలమో లెక్కగట్టినా అవి ఖర్చవుతాయి. లైసెన్స్ ధర మాత్రమే చూసి బడ్జెట్ వేసినవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. పైగా కంప్యూటర్‌లో పెట్టుకునే ఆర్క్‌జీఐఎస్ ప్రో విండోస్‌లోనే నడుస్తుంది.

మూడో దారిని మీరు అడగలేదు. ఆ కంపెనీలో డేటాను చార్టులుగా చూపే పవర్ బీఐ గానీ టాబ్లో గానీ ఇప్పటికే ఉంటే, ప్రాంతాలవారీ అమ్మకాలకు రంగులు వేయడం, శాఖలను చుక్కలుగా చూపడం లాంటివి వాటిలోనే అయిపోతాయి. మేనేజర్లు మ్యాపు అని అడిగేవాటిలో చాలాభాగం ఇదే. అది వాటికి వదిలేసి, విశ్లేషణ చేసే ఒకరిద్దరికి క్యూజీఐఎస్ పెడితే చిన్న టీముకు చాలాసార్లు సరిపోతుంది. మీ అమ్మాయి రిపోర్టు నేను చూడలేదు, అయినా ఆమె ఆలోచన సరైన దారిలోనే ఉందనిపిస్తోంది.

అసలు డబ్బు పోయేది సాఫ్ట్‌వేర్ దగ్గర కాదండీ, అడ్రసుల దగ్గర. కస్టమర్ల అడ్రసులను అక్షాంశ రేఖాంశాలుగా మార్చడాన్ని జియోకోడింగ్ అంటారు. వేల అడ్రసులుంటాయి, వాటిలో సగం అరకొరగా రాసినవే. జనం కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల నామినేటిమ్ అనే ఉచిత సేవ ఉంది గానీ, వాళ్ల పబ్లిక్ సర్వర్‌ను సెకనుకు ఒక్క అభ్యర్థన మించి వాడకూడదన్నది నియమం. గూగుల్ సేవ తీసుకుంటే వాడకాన్ని బట్టి బిల్లు వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, అలా తెచ్చుకున్న ఫలితాలను మన డేటాబేస్‌లో శాశ్వతంగా దాచుకోవడానికి దాని షరతులు ఒప్పుకోవు. ఇది చదవకుండా రెండేళ్ల పనిని దాని మీద కట్టుకున్న టీముకు ఆ తర్వాత లీగల్ వాళ్లు వచ్చి చెబుతారు. ధర, కచ్చితత్వం, దాచుకునే హక్కు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి జియోకోడింగ్ సేవను ఎంచినవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా టీముకు డబ్బు మిగులుస్తారు. సర్టిఫికెట్ కోర్సుల బ్రోచర్లలో ఈ పని పేరు కూడా ఉండదు.

బ్రాండును నమ్ముకునే మీలాంటివారికి ఇంకో సంగతి. మైక్రోసాఫ్ట్ మ్యాప్‌పాయింట్ ఒకప్పుడు వ్యాపార మ్యాపింగ్‌కు పేరున్న సాఫ్ట్‌వేర్, 2014 చివర్లో దాన్ని ఆపేశారు. డేటాను మ్యాపుగా చూపిన గూగుల్ ఫ్యూజన్ టేబుల్స్ 2019 డిసెంబరులో మూతపడింది. ఆర్క్‌జీఐఎస్‌లోనే ఒక తరం మొత్తం నేర్చుకున్న పాత సాఫ్ట్‌వేర్ ఆర్క్‌మ్యాప్‌కు మద్దతు ముగింపు తేదీని ఎస్రి 2026 మార్చి 1గా ప్రకటించింది. కాబట్టి డేటాను జియోప్యాకేజ్ లాంటి ఎక్కడైనా తెరుచుకునే ఫార్మాట్‌లో పెట్టుకోవడం ఎంపికలో భాగం. షేప్‌ఫైల్ అనే పాత ఫార్మాట్ కూడా అన్నిచోట్లా తెరుచుకుంటుంది గానీ, అందులో కాలమ్ పేరు పది అక్షరాలు దాటకూడదు. పేర్లన్నీ తెగిపోయి ఏది ఏమిటో తెలియకుండా పోతుంది.

ఇప్పుడు మీ జియో-ఏఐ కోర్సు. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నా అనుమానాలన్నీ దీని మీదే.

ఉపగ్రహ చిత్రాల నుంచి ఇళ్లను, పంటలను, వరదలను మోడళ్లతో గుర్తించడం నిజమైన విద్యే. అందులో లోతుగా పనిచేసేవాళ్లంటే నాకు గౌరవం. అయితే మీ అమ్మాయి టీమ్ చేసే పని వేరు. ఆమెకు కావలసింది శాఖల స్థలాలు, డెలివరీ పరిధులు, సేల్స్ ప్రాంతాలు. వీటిలో ఉపగ్రహ చిత్రం అవసరమయ్యేది ఎప్పుడో ఒకసారి. షాపింగ్ మాల్ పార్కింగ్‌లో కార్లు లెక్కపెట్టి అమ్మకాలు అంచనా కట్టడం ఇలాంటి కోర్సుల ప్రచారంలో ఇష్టమైన ఉదాహరణ. ఉచితంగా దొరికే, యూరప్ ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాల్లో అత్యంత సూక్ష్మమైన పిక్సెల్ పది మీటర్లు, అంటే ఒక్క చుక్కలో వంద చదరపు మీటర్లు. అందులో కారు విడిగా కనిపించదు. కార్లు లెక్కపెట్టాలంటే మీటరుకన్నా సూక్ష్మమైన చిత్రాలను డబ్బిచ్చి కొనాలి. చిన్న కంపెనీ వాటిని ఎన్నిసార్లు కొంటుంది?

ఇలాంటి కోర్సుల్లో ఉపగ్రహ చిత్రాలను ఆన్‌లైన్‌లో విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్ మీద చాలా అభ్యాసాలు చేయిస్తారు. చదువుకూ పరిశోధనకూ అది ఉచితం. వ్యాపార అవసరానికైతే 2022 నుంచి వేరుగా వాణిజ్య లైసెన్స్ ఉంది. క్లాసులో ఫ్రీగా నేర్చుకున్నది ఆఫీసులో ఫ్రీ కాదన్నమాట. కోర్సు నడిపేవాళ్లను ఈ మాట అడిగి చూడండి.

దీనికి తోడు, పునాది లేకుండా పై అంతస్తు వేసే అలవాటు ఈ కోర్సుల్లో నాకు నచ్చదు. వెబ్ మ్యాపులు ఎక్కువగా వాడే వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతిలో) భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ కొలతలు సాగిపోతాయి. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర దూరం రెట్టింపు, వైశాల్యం దాదాపు నాలుగింతలు కనిపిస్తుంది. అక్కడ ఆ కొలతలతోనే నేరుగా ఐదు కిలోమీటర్ల డెలివరీ వృత్తం గీస్తే, నేల మీద అది రెండున్నర కిలోమీటర్లే. మోడల్ శిక్షణ గురించి గంటసేపు మాట్లాడగలిగి, ఇది పట్టుకోలేని సర్టిఫికెట్‌దారులను నేను చూశాను. మీ అమ్మాయి జాగ్రఫీ పీజీ చదివింది, ఆమెకు ఇది తెలిసే ఉంటుంది. ఆమె చేతిలో ఉన్న ఆస్తి ఇదే. దాన్ని వదిలేసి అప్పు తెచ్చి ఇంకేదో కొనిపిస్తానంటున్నారు.

కొంచెం గట్టిగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో ‘నిర్ణయించుకున్నాం’ అని ఉంది. ఆ నిర్ణయంలో అమ్మాయి ఉందా? ఆమె ఆ కోర్సు అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఉద్యోగం చేసుకుంటున్న మనిషి నెత్తిన, ఆమె అడగని చదువు కోసం, ఇంటి అప్పు పెట్టబోతున్నారు. రేపు ఆ సర్టిఫికెట్ వల్ల జీతం పెరగకపోతే ఆ మాట ఎవరు పడాలి? మీరు మాత్రం కాదు. ఆమె క్యూజీఐఎస్ ఎందుకంటోందో మీరు ఒక్కసారైనా అడిగారా అని కూడా నాకు సందేహమే. అడిగి ఉంటే ఆ కారణాల్లో ఒకటైనా ఈ ఉత్తరంలో ఉండేది.

భయపడాల్సింది ఏమీ లేదు. ‘పన్నెండు మంది టీముకు సాఫ్ట్‌వేర్ ఎంచాను, ఇవి కారణాలు, ఇంత ఖర్చు తగ్గింది, ఇక్కడ ఇబ్బంది పడ్డాం’ అని ఇంటర్వ్యూలో చెప్పగలిగిన ఏడాది, రెండేళ్ల అనుభవమున్నవాళ్లు ఎంతమంది ఉంటారు? నేను మనుషులను తీసుకునే చోట కూర్చుంటే ముందు ఆ అమ్మాయితోనే మాట్లాడతాను. ఆమె ఇంకొంచెం డేటాబేస్‌ను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్, పైథాన్‌లో మ్యాపు డేటాకు వాడే జియోపాండాస్ నేర్చుకుంటే ఆర్క్‌జీఐఎస్ వాడే చోటైనా, క్యూజీఐఎస్ వాడే చోటైనా పనికొస్తాయి. వాటికి అప్పు అక్కర్లేదు, సాయంత్రాలు కావాలి. ఆ సాయంత్రాలు ఆమెకు ఇంట్లో దొరికేలా చూడటం మీ చేతిలో ఉంది.

రెజ్యూమేలో ఆర్క్‌జీఐఎస్ పేరు ఉండాలని మీకు అంతగా ఉంటే, ఎస్రి అప్పుడప్పుడు ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది, అవి నడిచినన్నాళ్లూ సాఫ్ట్‌వేర్ కూడా ఇస్తుంది. బయట ఎక్కడైనా డబ్బు కట్టి చేరేట్టయితే సిలబస్ చూడండి, అందులో ఇంకా ఆర్క్‌మ్యాపే ఉంటే లేచి వచ్చేయండి, ఆర్క్‌జీఐఎస్ ప్రో ఉండాలి. ఆఫీసు కోసం ట్రయల్ వెర్షన్ తెప్పించుకునేట్టయితే మాత్రం అమ్మాయికి ఒక మాట చెప్పండి. ఆ గడువు కొద్ది వారాలే ఉంటుంది, అడ్రసుల జాబితా శుభ్రం చేయకముందే దాన్ని మొదలుపెడితే గడువంతా ఎక్సెల్ షీటు దిద్దడంతోనే అయిపోతుంది. ముందు రెండు వందల అడ్రసులు, ఒక శాఖ, ఒక డెలివరీ పరిధి సిద్ధం చేసుకోమనండి. అదే పనిని రెండు సాఫ్ట్‌వేర్లలోనూ టీములో మ్యాపులు తెలియని ఒకరితో చేయించి, వాళ్లు ఎక్కడ ఆగిపోయారో పక్కన కూర్చుని రాసుకోమనండి. ఆ కాగితాన్నే మేనేజరుకు ఇస్తే సరిపోతుంది.