సిబిల్ దెబ్బతిన్నవాడి శ్లాబు మరమ్మతు

అప్పులు ఎంత సరిగ్గా తీరుస్తామో బ్యాంకులకు చూపే సిబిల్ స్కోరు బాగా లేనప్పుడు ఇంటి మరమ్మతులకు డబ్బు ఎలా సమకూర్చుకోవాలని అడిగారు. స్కోరు పెరిగేదాకా ఆగి బ్యాంకు రుణం తెచ్చుకుందామనుకుంటే కారే కప్పు ఆగదు. ఇంట్లో బంగారం ఎంత ఉందో చూసుకొని, ఆ మేరకే పని పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

మాది కావలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మా జిల్లాను వానతో ముంచెత్తింది. ఆ రాత్రి మా అమ్మ మంచం మీద శ్లాబు పెచ్చు ఒకటి ఊడి పడింది. నీళ్లు కారుతున్నాయని ఆమె అంతకు కాసేపటి ముందే లేచి పక్క గదిలోకి వెళ్లింది కాబట్టి సరిపోయింది. వాన తెరిపి ఇచ్చాక మేస్త్రీ వచ్చి సుత్తితో తట్టి చూస్తే సగం గది డొల్లగా మోగింది. ఉప్పుగాలికి లోపలి కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బడం వల్లనే పెచ్చులు ఊడుతున్నాయని, అంతకు ముందు ఏడాది ఆ చెమ్మ మరకల మీద నేను రంగు వేయించడం శుద్ధ దండగ అని ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు. పదేళ్ల గ్యారంటీ ఇచ్చిన ఆ రంగులవాడి ఫోను నేటికీ మోగదు.

శ్లాబు, వంటగది బండలు, కిటికీలు కలిపి రెండున్నర లక్షలు తేలింది. జీతం పడే బ్యాంకుకు వెళితే అక్కడి అధికారి కంప్యూటరు తెరను నా వైపు తిప్పారు. 300 నుంచి 900 వరకు ఉండే ఆ కొలతలో నేను 600 కూడా దాటలేదు. నా సొంత అప్పులో ఏనాడూ ఒక్క వాయిదా తప్పలేదు. 2019లో మా బావమరిది రొయ్యల చెరువు కోసం తీసుకున్న అప్పుకు నేను హామీ సంతకం పెట్టాను. చెరువుకు వైరస్ తగిలి అతని వాయిదాలు ఆగిపోతే ఆ మచ్చ నా సిబిల్ నివేదికలోనూ పడింది. "ఊరికే సంతకమే కదా బావా" అన్న ఆనాటి మాట అధికారి ముందు కూర్చున్నంతసేపూ చెవిలో మోగుతూనే ఉంది. ఏటా ఒకసారి ఉచితంగా దొరికే ఆ నివేదికను అంతకు ముందే తెప్పించుకొని చూడకపోవడం మాత్రం నా తప్పే.

బజారులో రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి నూటికి 24 చొప్పున, ప్రామిసరీ నోటు మీద ఇస్తామన్నారు. సిబిల్ అక్కరలేదనే ఫోను యాప్‌లవారు ముందుగా ఫీజు కట్టమన్నారు. అప్పు ఇచ్చేవాడే మన దగ్గర ముందు డబ్బు అడిగితే అది అప్పు కాదు, ఎర.

చివరికి మా ఆవిడే, "ఏమండీ, గాజులు బీరువాలో ఉంటే కప్పు నిలబడుతుందా?" అంది. తమ్ముడు తెచ్చిన చిక్కు తన గాజులతోనే తీరాలనుకుందో ఏమో, నేను అడగలేదు. ఐదు సవర్ల మీద బ్యాంకులో లక్షన్నర ఇచ్చారు. వడ్డీ బజారు వడ్డీలో సగం కూడా లేదు, స్కోరు ఊసు ఎవరూ ఎత్తలేదు. అప్పట్లో బంగారం విలువలో 75 శాతానికి మించి ఇచ్చేవారు కారు. రెండున్నర లక్షల లోపు రుణాలకు దానిని 85 శాతానికి పెంచుతూ రిజర్వు బ్యాంకు 2025లో నిబంధన తెచ్చింది. ఆ డబ్బుతో శ్లాబు ఒక్కటే చేయించాము. పెచ్చులు కొట్టించి, కమ్మీలను వైరు బ్రష్షుతో రుద్దించి, తుప్పు పట్టని పూత వేయించి మళ్లీ పూయించాము. వంటగదిని అలాగే వదిలేశాము. 2025 జనవరి నాటికి గాజులు ఇంటికి వచ్చాయి.

వంటగదికి రిజిస్టరైన చీటీ వేశాను. 20 నెలలు, నెలకు పదివేలు. చేరేటప్పుడు స్కోరు అడగరు కానీ, పాట పాడుకున్నాక మిగిలిన వాయిదాలకు హామీదారులను తెమ్మంటారు. ఏ సంతకం వల్ల నేను ఇంత పడ్డానో దానినే ఇంకొకరిని అడగడానికి నోరు రాలేదు. అందుకని 18వ నెల దాకా ఆగి పాడాను. మిగిలిన రెండు వాయిదాలకు హామీగా నా పేరిట ఉన్న చిన్న డిపాజిట్ పత్రం సరిపోయింది. బండలు వేయించేటప్పుడు సాయానికి మా బావమరిదే వచ్చాడు.