హాకీ ఆటగాళ్ల ఫిట్‌నెస్ నిజంగా పెరిగిందా? శిక్షణలో మారిందేమిటి?

పాత తరం పొద్దున్నే మైదానం చుట్టూ గంటసేపు రౌండ్లు కొట్టేది, ఇప్పటివాళ్లు అంత దూరం పరుగెత్తడం లేదు, అలాంటప్పుడు ఫిట్‌నెస్ పెరిగిందని ఎలా అంటారని అడిగారు. పెరిగింది. ఎందుకో తెలియాలంటే ముందు ఆట ఎలా మారిందో చూడాలి.

పచ్చిక మీద 35 నిమిషాల హాఫ్‌లు రెండు ఉండేవి. బయటికి వెళ్లిన ఆటగాడు మళ్లీ లోపలికి రావడానికి లేదు. అందుకే 70 నిమిషాలకూ ఓపిక దాచుకుని ఆడాల్సి వచ్చేది. ఆ ఆటకు రౌండ్లు సరైన సాధనే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కృత్రిమ టర్ఫ్ వచ్చింది, భారత్ ఏడో స్థానానికి పడిపోయింది. టర్ఫ్ మీద బంతి వేగం ఎక్కువ, నడుము వంచి పరుగెత్తే సమయమూ ఎక్కువ. 1990ల్లో ఎన్నిసార్లైనా ఆటగాళ్లను మార్చుకునే వీలు వచ్చింది, ఆ దశాబ్దం చివరికి ఆఫ్‌సైడ్ (డిఫెండర్లను దాటి గోల్ దగ్గర ముందే కాచుకోకుండా ఆపే నిబంధన) పోయింది. మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ 1992 నుంచి 2000 దాకా మూడు ఒలింపిక్స్ ఆడింది సరిగ్గా ఈ మార్పుల మధ్యే. 2009లో సెల్ఫ్‌పాస్ (ఫ్రీహిట్ తీసుకున్న ఆటగాడే బంతిని ముందుకు తీసుకెళ్లే వీలు) రావడంతో ఫౌల్ పడ్డాక ఊపిరి పీల్చుకునే ఆ కాస్త వ్యవధీ పోయింది. ఇప్పుడు 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు.

ఫలితంగా ఫార్వర్డ్ ఐదారు నిమిషాలు పూర్తి వేగంతో ఆడి బెంచి మీదికొస్తాడు, రెండు మూడు నిమిషాల్లో మళ్లీ దిగుతాడు. డిఫెండర్ల విడతలు ఇంకాస్త పొడుగు. పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో 17వ నిమిషంలో భారత డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డ్ చూపించారు. మిగతా 43 నిమిషాలు పది మందితోనే ఆడి, బ్రిటన్‌ను 1-1 దగ్గర నిలిపి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. అన్ని విడతల్లోనూ వేగం నిలబెట్టుకునే శరీరాలు ఉండబట్టే అది సాధ్యమైంది.

సాధన కూడా ఆ కొలతలోనే ఉండాలి. నాకు బాగా పనిచేసిన పద్ధతి ఇది: పావు మైదానంలో నలుగురి మీద నలుగురు, ఆరు నిమిషాల ఆట, రెండు నిమిషాల విశ్రాంతి, ఇలా నాలుగు విడతలు. బంతి బయటికి పోగానే కోచ్ చేతిలోంచి ఇంకో బంతి లోపల పడాలి. బంతి తేవడానికి నడిచి వెళ్లే అవకాశం ఇస్తే ఈ సాధన చేసినట్టే కాదు. వారంలో ఒకరోజు 30 మీటర్ల పరుగులు ఆరు, 25 సెకన్లకొకటి మొదలయ్యేలా పెట్టండి. మొదటి పరుగుకూ చివరి పరుగుకూ టైమ్‌లో తేడా ఎంతో రాసుకోండి. ఒక్క పరుగులో ఎంత వేగమన్నదాని కంటే ఆ తేడా తగ్గడం ముఖ్యం.

కొలవడానికి యోయో ఇంటర్మిటెంట్ రికవరీ టెస్ట్ (మధ్యమధ్య విశ్రాంతితో, బీప్‌కు తగ్గట్టు పరుగెత్తే పరీక్ష) లెవల్ 1 చాలు. 20 మీటర్ల దూరంలో రెండు గీతలు, మొదలుపెట్టే గీత వెనక 5 మీటర్ల దగ్గర ఒక కోన్. బీప్‌కు వెళ్లి రావాలి, తర్వాత 10 సెకన్లు ఆ కోన్ చుట్టూ నెమ్మదిగా కదలాలి. మొదటి వేగం గంటకు 10 కిలోమీటర్లు, ఆపైన పెరుగుతూ పోతుంది. గీత ఒకసారి అందకపోతే హెచ్చరిక, రెండోసారీ అందకపోతే అయిపోయినట్టే. 20.1 దాకా, అంటే 20వ వేగ స్థాయిలో మొదటి పరుగు దాకా వెళ్తే 2,400 మీటర్లు. మీటర్లను 0.0084తో గుణించి 36.4 కలిపితే వీఓటూ మ్యాక్స్ (శరీరం గరిష్టంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే అంకె) అంచనా వస్తుంది. 2,400కి అది దాదాపు 56.6. తప్పులు జరిగేది ఎక్కువగా మలుపు దగ్గర. పాదం గీతను తాకకుండానే తిరిగినవాడికి లేని స్కోరు వస్తుంది, కాబట్టి రెండు గీతల దగ్గరా మనిషిని నిలబెట్టండి. ఒకసారి మట్టి మీద, ఇంకోసారి టర్ఫ్ మీద పెట్టి ఆ రెండు స్కోర్లనూ పోల్చకండి.

జాతీయ జట్లలో ఆటగాళ్లు వీపు పైభాగాన జీపీఎస్ పరికరం పెట్టుకుని ఆడతారు. ఎవరిని ఎప్పుడు బయటికి పిలవాలో, మర్నాడు ఎవరికి సాధన తగ్గించాలో ఆ అంకెలు చూసే నిర్ణయిస్తారు. క్లబ్బుకు అంత ఖర్చు అక్కర్లేదు. సాధన అయిన అరగంటకు "ఎంత కష్టమనిపించింది?" అని అడిగి, పదికి ఎంతో చెప్పించి, దాన్ని సాధన చేసిన నిమిషాలతో గుణించండి. వారంలో ఆ అంకెలన్నీ కలిపిన మొత్తం ఒక్కసారిగా ఎగబాకిందంటే గాయాలకు దారి తీస్తున్నట్టే.

చెమట సంగతి మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. కాకినాడ లాంటి తీరప్రాంతపు ఉక్కపోతలో ఆటకు ముందూ తర్వాతా బరువు చూడండి. తగ్గిన ప్రతి కిలోకూ తర్వాతి కొన్ని గంటల్లో కొద్దికొద్దిగా లీటరున్నర దాకా తాగాలి, ఉప్పు కూడా పడాలి.

చాలా క్లబ్బుల్లో ఇప్పటికీ కనిపించని సాధన ఒకటుంది, తొడ వెనక కండరానికి నార్డిక్ కర్ల్. మోకాళ్ల మీద నిలబడాలి, జతగాడు చీలమండలు పట్టుకోవాలి, నడుము వంచకుండా వీలైనంత నెమ్మదిగా ముందుకు ఒరగాలి. మొదటి వారం ఒక్కరోజే, ఐదేసి చొప్పున రెండు సెట్లు. రెండో వారం రెండు రోజులు, ఆరేసి. మూడో వారం నుంచి మూడు రోజులు, మూడు సెట్లు. తర్వాత ఆ మూడు సెట్లలో సంఖ్యను వరుసగా 12, 10, 8 దాకా మెల్లగా పెంచండి. ఆత్రపడి మొదటి రోజే ముప్ఫై చేయిస్తే తొడలు పట్టేసి, ఆటగాడు మళ్లీ ఆ కసరత్తు జోలికే రాడు. టోర్నమెంట్లు మొదలయ్యాక వారానికి ఒకసారి సరిపోతుంది, అదీ మ్యాచ్ ముందు రెండు రోజులు వదిలేసి.