చెరువు పనికి దిగే ముందు

చిరంజీవి అల్లుడికి,

దేవరకొండ నుంచి మామయ్య ఆశీస్సులు. మీ ఊరి యువకులంతా కలిసి చెరువు పూడిక తీయాలనుకుంటున్నారని విని చాలా సంతోషించాను. అయితే జేసీబీ మాట్లాడుకునే ముందు గ్రామసభ పెట్టించు. నీళ్లు వచ్చాక పంచుకుందామంటే కుదరదు. చెరువు ఎండి ఉన్నప్పుడే మనుషులు న్యాయంగా మాట్లాడతారు.

ఆ సభకు చెరువు కింద సాగు చేసే ఆయకట్టు రైతులతో పాటు బోర్ల రైతులు, గొర్రెల కాపరులు, చేపలు పట్టేవాళ్లు కూడా రావాలి. ఆడవాళ్లను తప్పకుండా పిలవండి. వేసవిలో ఏ బోరు ఎప్పుడు ఎండుతుందో బిందె మోసేవాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. తూము తెరిచే పని ఒక్క నీరటికే, అంటే పొలాలకు నీళ్లు వదిలే మనిషికే అప్పగించండి. యాసంగికి (రబీకి) చెరువు సగమే ఉంటే వరి ఎన్ని ఎకరాలు, తక్కువ నీళ్లతో పండే ఆరుతడి పంటలు ఎన్ని ఎకరాలు అన్నది ముందే రాసి సంతకాలు పెట్టించు. చెరువు చుట్టూ కొత్త బోర్లు వేయకూడదన్న మాట కూడా అందులో ఉండాలి. దీని మీద గట్టిగా వాదనలు జరుగుతాయి, జరగనీ. వాటికి భయపడి సభను తొందరగా ముగించకు.

ఇక పని. ముందు గుట్టల నుంచి నీళ్లు తెచ్చే వరద కాలువ వెంట నడిచి చూడండి. ఘనమీటరు పూడిక తీస్తే 1,000 లీటర్లకు చోటు దొరుకుతుంది, కానీ దాన్ని నింపేది ఆ కాలువలో వచ్చే వాన నీళ్లే. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 40 వేల లీటర్లు. కొంత నేలలో ఇంకినా, మిగిలింది చెరువుకు చేరాలంటే ఆ కాలువ తెరిచి ఉండాలి. దాన్ని దున్నుకున్నవాళ్లు ఉంటే పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లి అడగండి.

పూడిక మట్టిని ఎర్ర చెలకలకు (ఎర్రనేల మెట్ట పొలాలకు) తోలండి, తేమ నిలుస్తుంది. 2015లో చెరువుల పూడిక తీసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రైతులే తమ ఖర్చుతో తోలుకున్నారు. మీరూ అలాగే చేయండి. కట్ట పాదం దగ్గర మాత్రం తవ్వవద్దు, కట్ట బలహీనపడుతుంది. చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు ఎత్తు పెంచుదామని ఎవరన్నా ఒప్పుకోకు. మన అలుగు దుమికితేనే కింది ఊరి చెరువు నిండుతుంది.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో వంగిపోయిన నడుములను చూసినవాళ్లం. చెరువు నిండినా తాగే బోరు నీళ్లను పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగవద్దు. కాచినా ఫ్లోరైడ్ పోదు.

మృగశిర కార్తెలోపు కాలువ పని పూర్తి కావాలి. సభ ఏ రోజో ఫోను చేసి చెప్పు, నేనూ వస్తాను.

మీ మామయ్య