తరగతిలో గృహహింస పాఠం: అధ్యాపకుల ప్రశ్నలకు జవాబులు

జెండర్, నేరం, గృహహింస గురించి విద్యార్థులకు ఎలా చెప్పాలని ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం హైదరాబాద్ కాలేజీలు, స్కూళ్ల నుంచే. అందరికీ పనికొచ్చేవి ఇక్కడ ఇస్తున్నాం.

డిగ్రీ రెండో ఏడాదికి సోషియాలజీ చెబుతాను. ‘జెండర్, నేరం’ యూనిట్‌కి నాలుగు పీరియడ్లు ఇచ్చారు. మొదటి రోజు ‘మీ ఇళ్లలో, చుట్టుపక్కల చూసినవి చెప్పండి’ అని అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. ఒకమ్మాయి లేచి బయటికి వెళ్లిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి?
*లెక్చరర్, దిల్‌సుఖ్‌నగర్*

ఆ ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 18-49 ఏళ్ల మధ్య ఉన్న, పెళ్లయిన ఆడవాళ్లలో 36.9 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పారు. అంటే ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలు మీ ముందు బెంచీల్లో కూర్చుని ఉన్నారనుకునే పాఠం తయారుచేసుకోవాలి. వాళ్లను సొంత సంగతి చెప్పమని అడగడమంటే అరవై మంది ముందు ఇంటి గుట్టు విప్పమనడమే. ‘మా ఇంట్లో’ అంటూ వ్యాసం రాయించడం, కొట్టే సన్నివేశం నటింపజేయడం కూడా వద్దు. నటనలో వెనక బెంచీ నవ్వుతుంది. ఆ నవ్వు ఎవరికి తగులుతుందో మీకు తెలియదు.

కల్పిత కేసు ఒకటి పేజీ మించకుండా రాసి పంచండి. ఉదాహరణకు: ఉప్పల్‌లో అద్దెకుండే జంట. ఆమె బట్టల షాపులో పనిచేస్తుంది. జీతం పడే ఏటీఎం కార్డు అతని దగ్గర ఉంటుంది. అమ్మకు ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాలి. ఇంటికి రావడం పావుగంట ఆలస్యమైతే వాట్సాప్‌లో లొకేషన్ పంపాలి. ఆమె టెన్త్ మెమో, ఆధార్ అత్తగారి బీరువాలో ఉన్నాయి. పెళ్లయిన మూడేళ్లలో ఒక్కసారి చెంపమీద కొట్టాడు. ‘హింస ఎక్కడుందో గీత గీయండి’ అంటే చాలామంది చెంపదెబ్బ కింద గీస్తారు. అప్పుడు ఆ వాక్యాన్ని కొట్టేయించి, మిగిలింది మళ్లీ చదివించండి. పాఠం ఇక్కడే మొదలవుతుంది. 2005 గృహహింస చట్టం మూడో సెక్షన్ శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా వేధించడాన్ని, డబ్బు విషయంలో కట్టడి చేయడాన్ని కూడా హింసగానే చెప్పింది. ఆ కాగితంలో ఏది దేని కిందికొస్తుందో విద్యార్థులే రాయాలి. కోపం అదుపు తప్పి కొట్టాడనే వాదన ఎవరో ఒకరు తెస్తారు. మేనేజర్ మీద, ట్రాఫిక్ పోలీసు మీద అదుపు తప్పని కోపం ఇంట్లోనే ఎందుకు తప్పుతోందని అడగండి. ఇది అదుపు తప్పడం కాదు, అదుపులో పెట్టుకోవడం అని వాళ్లకే తట్టాలి.

రెండో పీరియడ్‌లో ‘మరి వెళ్లిపోవచ్చు కదా?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దాన్ని లెక్కగా చేయించండి. గది అద్దె, అడ్వాన్సు, పిల్లల టీసీ, చేతిలో లేని ఆధార్, పరువు పోతుందని తలుపు తీయని పుట్టిల్లు, సర్దుకుపొమ్మనే పెద్దమనుషులు. ఒక్కోదానికి ఎంత డబ్బు, ఎన్ని రోజులు పడతాయో రాయించండి. విడిపోయే సమయం, విడిపోయిన తొలి నెలలే అన్నిటికంటే ప్రమాదకరమని కూడా చెప్పండి. ఆ తర్వాత చట్టం చూపించండి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని 17వ సెక్షన్ చెబుతుంది. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ అతన్నే బయటికి వెళ్లమని ఆదేశించవచ్చు. ఆ ఇంట్లోని ఆడవాళ్లను వెళ్లమని మాత్రం అనకూడదు. చట్టమంటే విడాకులని, జైలని మాత్రమే విన్న పిల్లలకు ఇది కొత్తగా ఉంటుంది.

మూడో పీరియడ్‌కు ఫిర్యాదు దారి: స్త్రీ శిశు సంక్షేమ శాఖలోని రక్షణ అధికారి గృహ ఘటన నివేదిక రాస్తారు. 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు వెళుతుంది. మామూలుగా 3 రోజుల్లో మొదటి విచారణ పెట్టాలి, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. నోటీసులు అందక, వాయిదాలు పడి ఆ గడువు దాటిపోవడం మామూలేనని దాచకుండా చెప్పండి. అందుకే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగడం ముఖ్యం. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే అది నేరం. ఏడాది వరకు జైలు, 20 వేల వరకు జరిమానా పడవచ్చు. పోలీస్ కౌన్సెలింగ్ అయ్యాకే కోర్టుకెళ్లాలన్న షరతు ఈ చట్టంలో ఎక్కడా లేదు.

చివరి పీరియడ్ ప్రశ్నలకు వదలండి. ఒకే సైజు చీటీలు అందరికీ ఇచ్చి, అందరూ ఏదో ఒకటి రాయాలని చెప్పండి. ప్రశ్న లేనివాళ్లు ‘ప్రశ్న లేదు’ అని రాయాలి. కావాలన్నవాళ్లే రాస్తే రాసేవాళ్లమీదే అందరి కళ్లూ పడతాయి.

ఈ పాఠం శనివారం చివరి పీరియడ్‌లో పెట్టకండి. మనసు కలత పడిన విద్యార్థి నేరుగా ఆ ఇంటికే వెళ్లాలి, మర్నాడు మాట్లాడటానికి కాలేజీ ఉండదు. అడగకుండా బయటికెళ్లే వీలుందని ముందే చెప్పండి. గృహహింస అని పెద్దక్షరాలున్న కరపత్రం ఇంటికి పంపకండి. అది చూడకూడనివాళ్ల కంట పడుతుంది. 181 (మహిళల హెల్ప్‌లైన్), 1098 (పిల్లల హెల్ప్‌లైన్), 112 (అత్యవసర సాయం) నంబర్లను 108 (అంబులెన్స్), 1930 (సైబర్ నేరాలు)తో కలిపి టైమ్‌టేబుల్ వెనక అచ్చు వేయించండి.

‘498ఏ (భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం) కేసులన్నీ దొంగ కేసులే, మగాళ్ల బాధ ఎవరికి పట్టింది’ అని అబ్బాయిలు వాదిస్తారు. క్లాసు రెండుగా చీలిపోతోంది.
*ఇంజనీరింగ్ కాలేజీ అధ్యాపకురాలు, కూకట్‌పల్లి*

ఆ వాదనను అణచకండి, అంకెల దగ్గరికి తీసుకెళ్లండి. 2022లో మహిళలపై నేరాలుగా దేశంలో 4,45,256 కేసులు నమోదైనట్టు జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ చెప్పింది. అందులో 31.4 శాతం భర్త, అతని బంధువుల క్రూరత్వం కింద పెట్టినవే. పోలీస్ స్టేషన్ దాకా వెళ్లి ఎఫ్‌ఐఆర్ అయినవే ఈ లెక్కలోకి వస్తాయి. ఒక ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా అన్నిటికంటే పెద్దదాన్నే లెక్కిస్తారు. కుటుంబ ఆరోగ్య సర్వే పద్ధతి వేరు. ఇంటికి ఒక్క స్త్రీని, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని అడుగుతారు. హింసకు గురైనవాళ్లలో సాయం కోరినవాళ్లు 14 శాతమేనని, 77 శాతం మంది ఎవరితోనూ చెప్పుకోలేదని ఆ సర్వేలో తేలింది. రెండు పట్టికలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, తేడా ఎందుకొచ్చిందో విద్యార్థుల చేతే చెప్పించండి. కేసులు పెరిగాయంటే హింస పెరిగిందనీ కావచ్చు, చెప్పుకునే ధైర్యం పెరిగిందనీ కావచ్చు. ఒక్క అంకెతో తేలదు.

కోర్టు కొట్టేసిన కేసు అబద్ధపు కేసు అయిపోదు. ఏళ్లు గడిచి రాజీ పడటం, సాక్షులు మాట మార్చడం, రుజువులు చాలకపోవడం వల్ల కూడా కేసులు పోతాయి. దర్యాప్తులోనే అబద్ధమని పోలీసులు మూసేసినవి ఎన్‌సీఆర్‌బీ పట్టికలో వేరే గడిలో ఉంటాయి. ఆ గడి కూడా చూపించండి. అబద్ధపు కేసులు లేవని మీరు వాదించాల్సిన పని లేదు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కింద ఫిర్యాదు రాగానే అరెస్టు చేయొద్దని, ముందు అవసరం చూసుకోవాలని ఆదేశించింది. 2024 జులై 1 నుంచి 498ఏ స్థానంలో భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు వచ్చాయి. పాత నోట్సుంటే దిద్దుకోండి.

మగవాళ్ల బాధను ఎగతాళి చేయనివ్వకండి. గృహహింస చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది స్త్రీయే. అయితే దెబ్బలు, బెదిరింపులకు మామూలు నేర చట్టం అందరికీ వర్తిస్తుంది. క్రూరత్వం ఆధారంగా విడాకులు భర్త కూడా కోరవచ్చు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో రక్షణ మగపిల్లలకూ ఉంది. క్లాసులో వేధింపు ఎదుర్కొన్న అబ్బాయి ఉండవచ్చు, అతను వినాల్సిన మాట ఇది.

తొమ్మిదో తరగతి అమ్మాయి ‘ఎవరికీ చెప్పొద్దు టీచర్’ అంటూ ఇంటి విషయం చెప్పబోయింది. నేను ఏం చేయాలి?
*హైస్కూల్ టీచర్, పాతబస్తీ*

చెప్పనని మాట ఇవ్వకండి. ‘నీకు సాయం చేయగలవాళ్లకు మాత్రం చెప్పాల్సి రావచ్చు, ఎవరికి చెప్పేదీ నీకు ముందే చెబుతాను’ అనండి. ఇది ఆమె అంతా చెప్పేయకముందే అనాలి. అడ్డుపడకుండా వినండి. ‘నువ్వెందుకు ఊరుకున్నావ్’ లాంటివి అడగకండి. మళ్లీ మళ్లీ చెప్పించకండి. అదే రోజు ఆమె అన్న మాటలు అన్నట్టే, తేదీ, సమయంతో రాసిపెట్టుకోండి. మీ ఊహలు అందులో కలపొద్దు. ఫొటోలు తీయొద్దు.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ చెబుతుంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు, సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది వరకు శిక్ష ఉంది. నిజాయితీగా చెప్పినవాళ్ల మీద కేసు రాదు. హెడ్మాస్టర్‌కు చెప్పడంతో మీ బాధ్యత తీరదు. స్కూల్ పరువు కోసం లోపలే విచారణ చేసి సర్దేయడం ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు. దానివల్ల సాక్ష్యం పోతుంది, పిల్ల మీద ఒత్తిడి పెరుగుతుంది.

లైంగికం కాదు, పిల్లను కొడుతున్నారు లేదా తల్లిని కొడుతున్నారు అంటే 1098కి ఫోన్ చేసి సలహా తీసుకోండి. తండ్రిని పిలిపించి మందలించాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. ఆ రాత్రి దెబ్బలు ‘బయట చెప్పావా’ అంటూ పడతాయి. తల్లితో మాట్లాడాల్సి వస్తే మార్కుల పేరుతో, ఆమె ఒక్కతే వచ్చేలా పిలవండి. 181 నంబరు, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం సంగతి నోటితోనే చెప్పండి. హైదరాబాద్‌లో 2016 నుంచి నడుస్తున్న భరోసా కేంద్రంలో పోలీసు, వైద్య, న్యాయ సాయం, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి కాబట్టి పిల్ల నాలుగు ఆఫీసులు తిరిగి నాలుగుసార్లు చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది. కాలేజీలో పద్దెనిమిది దాటిన విద్యార్థి గృహహింస గురించి చెబితే నిర్ణయం ఆమెదే. దారులు చూపండి, ఆమె తరఫున కేసు పెట్టేయకండి.

టీవీలో వచ్చిన నిజమైన కేసులు క్లాసులో వాడవచ్చా? శంషాబాద్ ఘటన, ఎన్‌కౌంటర్ గురించి విద్యార్థులే అడుగుతున్నారు.
*జూనియర్ లెక్చరర్, ఎల్‌బీ నగర్*

వాడవచ్చు. అయితే అత్యాచార బాధితురాలి పేరు, ఫొటో, ఊరు, కాలేజీ బయటపెట్టడం నేరం, రెండేళ్ల వరకు శిక్ష ఉంది. పత్రికల్లో ఒకప్పుడు వచ్చేసిందని మీ స్లైడ్‌లో పెట్టకండి. 2019 ఎన్‌కౌంటర్ గురించి అడిగితే తప్పించుకోకండి. శంషాబాద్‌లో యువతిపై అత్యాచారం, హత్య కేసులో నిందితులై, పోలీసు కాల్పుల్లో చనిపోయిన నలుగురి మీద కోర్టులో విచారణే జరగలేదన్నది, పోలీసులు చెప్పినదాన్ని సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక నమ్మలేదన్నది ముందు పెట్టి చర్చించండి. దాని పక్కనే 1978 నల్లకుంట ఉదంతం చెప్పండి. పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు, నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా కోర్టులో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. 1983లో చట్టం మారాక, పోలీసుల అధీనంలో జరిగిన అత్యాచారంలో లైంగిక చర్య రుజువై, సమ్మతి లేదని ఆమె కోర్టులో చెబితే, కోర్టు అలాగే భావించాలన్న నియమం వచ్చింది. పోలీసుకు ఎంత అధికారం ఇవ్వాలన్న చర్చకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

అబ్బాయిలను, అమ్మాయిలను వేరువేరుగా కూర్చోబెట్టి చెప్పాలా?
*స్కూల్ టీచర్, సికింద్రాబాద్*

శరీరం గురించిన పాఠాలకు ఒక పీరియడ్ విడిగా పెట్టుకోవచ్చు. చట్టం, హింస గురించిన పాఠాలు కలిపే చెప్పాలి. చర్చకు నలుగురైదుగురు చొప్పున గుంపులు చేసి, ఒకే అమ్మాయిని అబ్బాయిల గుంపులో వేయకండి, కనీసం ఇద్దరుండాలి. గుంపు తరఫున మాట్లాడే వంతు ప్రతిసారీ మార్చండి.