ఛేంజప్‌కి బ్యాట్ ముందే తిరిగిపోతోంది, ఏం చేయాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: క్రికెట్ మానేసి గుంటూరులో కాలేజీ బేస్‌బాల్ టీమ్‌లో చేరావు, వేగంగా వచ్చే బంతి (ఫాస్ట్‌బాల్) బాగానే తగులుతోంది, ఛేంజప్పో (ఫాస్ట్‌బాల్‌లాగే వేసి మెల్లగా పంపే బంతి) కర్వో (వంపు తిరిగి కిందకి దిగే బంతి) వేస్తే మాత్రం బంతి రాకముందే బ్యాట్ తిరిగిపోతోంది. మేజర్ లీగ్ (అమెరికాలో పై స్థాయి బేస్‌బాల్) వాళ్లు ఏ బంతి వస్తుందో ముందే ఎలా కనిపెడతారు అని. బెజవాడలో కుర్రాళ్లకి బ్యాటింగ్ నేర్పేవాడిగా చెప్తున్నా, వాళ్లు కూడా చాలాసార్లు కనిపెట్టలేరు. అన్నిటికన్నా వేగమైన బంతికి సిద్ధంగా ఉండి, అది కాదని తెలియగానే ఒళ్లు ఆపుకుంటారు. నీకు రానిది ఆ ఆపుకోవడమే.

ముందు లెక్క చూడు. పిచర్ (బంతి వేసేవాడు) కాలు పెట్టే రబ్బరు నుంచి హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే తెల్ల పలక) వెనక కొన వరకు 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. వాడు పెద్ద అడుగు ముందుకేసి వదులుతాడు కాబట్టి బంతి వచ్చే దూరం సుమారు 16.7 మీటర్లే. గంటకి 153 కిలోమీటర్ల బంతి ఆ దూరాన్ని దాదాపు 0.4 సెకనులో దాటుతుంది. అందులో బ్యాట్ తిరగడానికే 0.15 సెకను పోతుంది. మన కాలేజీ స్థాయిలో 110 వేసేవాడు గట్టి పిచర్ కిందే లెక్క. గాలికి తగ్గే వేగం కూడా కలుపుకుంటే వాడి బంతి 0.57 సెకనులో వస్తుంది. అదే చేత్తో 95లో ఛేంజప్ వేస్తే 0.66. తేడా 0.09 సెకను. నీ గొడవంతా ఆ 0.09 దగ్గరే.

స్లో బంతి కోసం కాచుకుంటే ఫాస్ట్‌బాల్ వచ్చినప్పుడు చేయగలిగిందేమీ ఉండదు. ఫాస్ట్‌బాల్ కోసం కాచుకుంటే స్లో బంతికి ఎంతో కొంత ఆగొచ్చు. 2017లో మేజర్ లీగ్ జట్టు హూస్టన్ ఆస్ట్రోస్ వాళ్లు, ఏ బంతి వేయాలో పిచర్‌కి క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) చేసే సైగలు కెమెరాతో దొంగిలించి, డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) పక్కన చెత్తడబ్బా బాది తమ బ్యాటర్‌కి కబురు అందించేవాళ్లు. ఆ బాదుడు ఎక్కువగా కర్వ్, ఛేంజప్ లాంటి వాటికే; చప్పుడు లేకపోతే ఫాస్ట్‌బాల్ అని అర్థం. దొంగతనంలో కూడా ఫాస్ట్‌బాల్‌కి వేరే సైగ అక్కర్లేదన్నమాట, బ్యాటర్ ఎలాగూ దానికే సిద్ధంగా ఉంటాడు. (2020 జనవరిలో శిక్షలు పడ్డాయి. 2022 నుంచి క్యాచర్ సైగలు బటన్లతో పిచర్ టోపీలోకి వినిపించే పరికరం వచ్చింది.)

ఇక ఊహించడం. అది బంతి వదలకముందే జరిగిపోవాలి. నీ వంతు రాకముందు డగౌట్‌లో కూర్చుని కబుర్లు చెప్పకుండా ఒక్క విషయం చూడు: వీడు స్ట్రైక్ జోన్‌లో (ప్లేట్ మీద, సుమారు బ్యాటర్ మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఉండే చోటు) నమ్మకంగా వేయగలిగే బంతులు ఏవి? కాలేజీ పిచర్ దగ్గర మూడు రకాలున్నా, కావాలన్నప్పుడు జోన్‌లో పడేది చాలాసార్లు ఒక్కటే. జోన్ బయట పడి నువ్వు వదిలేసింది బాల్, జోన్‌లో పడిందో నువ్వు ఊపి తప్పిందో స్ట్రైక్, మూడు స్ట్రైక్స్ అయితే అవుట్. రెండు బాల్స్ సున్నా స్ట్రైక్స్, మూడు బాల్స్ ఒక స్ట్రైక్ లాంటి కౌంట్‌లో వాడికి స్ట్రైక్ అవసరం, కాబట్టి ఆ ఒక్కటే వేస్తాడు. అప్పుడు నువ్వు ఒకే వేగం, ఒకే చోటు అనుకుని నిలబడు. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు, అందులో నీకిష్టమైన సగం చాలు. అక్కడికి రాకపోతే వదిలెయ్, స్ట్రైక్ అయినా సరే. సున్నా-రెండు, ఒకటి-రెండు కౌంట్‌లో సీన్ మారిపోతుంది, కర్వ్ నేలలో పడేసి నీతో ఊపించాలని చూస్తాడు. మన ఉక్కపోతకి ఇంకో సంగతి: చేతులు చెమటపట్టిన పిచర్‌కి కర్వ్ సరిగా తిరగదు, నడుము ఎత్తులో మెల్లగా వేలాడుతూ వస్తుంది. ఒక బ్యాటర్‌కి అలా వచ్చిందంటే నీకూ రావచ్చు, గుర్తుపెట్టుకో.

చూపు ఎక్కడ పెట్టాలో కూడా అడిగావు. పిచర్ కదలిక మొదలైనప్పుడు వాడి టోపీ మీద పెట్టు, చేయి పైకి వచ్చేటప్పుడు బంతి వదిలే చోటికి మార్చు. మొదటి నుంచీ ఆ ఖాళీ చోటునే గుచ్చి చూస్తే కళ్లు అలిసిపోతాయి. క్రికెట్‌లో నీ కళ్లు బంతి పిచ్ అయ్యే చోటికి ముందే దూకుతాయి, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు, బంతి ఎక్కడా పడదు కదా. కర్వ్ అయితే చేయి దాటగానే కాస్త పైకి లేచినట్టు కనిపిస్తుంది, చేతి అంచు నీవైపు ఉంటుంది. స్లైడర్ (వేగంగా వస్తూ పక్కకి జారే బంతి) అయితే తిరిగే కుట్టు వల్ల బంతి మీద ఒక ఎర్ర చుక్క కనపడొచ్చు. ఛేంజప్ తిరిగే తీరు ఫాస్ట్‌బాల్‌లాగే ఉంటుంది, అందుకే అది అందరినీ ముంచుతుంది. అయితే మన స్థాయి పిచర్లు ఛేంజప్‌కి చేతి వేగం తగ్గిస్తారు, లేదా గ్లవ్‌లో పట్టు సర్దుకోవడానికి ఎక్కువసేపు తీసుకుంటారు. అదే నీకు దొరికే సాక్ష్యం. పై స్థాయిలో అలాంటివి దొరకవు, దాని మీదే బతకాలనుకోకు.

అసలు తప్పు నీ ముందు కాలులో ఉందని నా అనుమానం. డ్రైవ్ ఆడేటప్పుడు కాలితోపాటు తల, బరువు అన్నీ బంతి మీదకి వెళ్లాలని నీకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. బేస్‌బాల్‌లో ముందు కాలు నేల మీద ఆనుతుంది అంతే, బరువు వెనక కాలి మీదే ఉండాలి. పరీక్ష ఇలా చెయ్: 15-20 సెంటీమీటర్ల చిన్న అడుగు వేసి అక్కడే బిగుసుకుపో. ఇప్పుడు ముందు పాదాన్ని మళ్లీ ఎత్తు. ఒళ్లు వెనక్కి ఊపకుండా ఎత్తగలిగితే బరువు సరిగ్గా ఉన్నట్టు. ఎత్తలేకపోతే ఛేంజప్‌కి నువ్వు ఆల్రెడీ అవుట్. అడుగు ఆనే సమయం ఎప్పుడూ ఫాస్ట్‌బాల్ లెక్కలోనే ఉండాలి, స్లో బంతి అని తెలిసినా కాలుని గాల్లో ఆపొద్దు. కాలు ఆనాక ముందు మోకాలు కొద్దిగా వంగనివ్వు, చేతులు మాత్రం వెనక భుజం దగ్గర నుంచి కదలొద్దు. ఒళ్లు కొంచెం ముందుకు జారినా చేతులు వెనకే ఉంటే బంతిని ఇంకా కొట్టొచ్చు. చేతులు కూడా వెళ్లిపోతే పై చేయి మణికట్టు మడతపడి, కుడిచేతి బ్యాటర్ కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ షార్ట్‌స్టాప్‌కో (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) మూడో బేస్‌కో పోతుంది. నీకు అయ్యే అవుట్లలో సగం అవే అయ్యుంటాయి, గుర్తు తెచ్చుకో.

దీనికి తోడు ఒక కిటుకు: నీది కుడిచేతి బ్యాటింగ్ అనుకుని చెప్తున్నా, ఫాస్ట్‌బాల్‌ని కుడి-మధ్య ఫీల్డ్‌లోకి కొట్టాలని మనసులో పెట్టుకో. అంటే దాన్ని ప్లేట్ దాకా రానిచ్చి కొడతావు. అదే టైమింగ్‌లో ఛేంజప్ వస్తే అది ప్లేట్‌కి 45 సెంటీమీటర్ల ముందు బ్యాట్‌కి తగిలి ఎడమవైపు వెళ్తుంది. కానీ లెక్క వేస్తే ఆ 45 సెంటీమీటర్లు నీకు ఇచ్చేది దాదాపు 0.018 సెకను మాత్రమే. మిగతా 0.07 పైచిలుకు కాళ్లే ఆపాలి. ‘కుడివైపు కొట్టాలనుకో, అన్నీ అవే సర్దుకుంటాయి’ అనే సలహా ఒక్కటీ సరిపోకపోవడానికి కారణం ఇదే.

రెండు స్ట్రైక్స్ పడ్డాక బ్యాట్ పిడి మీద చేతులు రెండు సెంటీమీటర్లు పైకి జరుపు, ప్లేట్‌కి కాస్త దగ్గరగా నిలబడు. ఆ దశలో ఫౌల్ (గీతల బయటికి పోయే బంతి) కొడితే ఎవరూ గాల్లో పట్టనంత వరకు అవుట్ కాదు, ఎన్ని ఫౌల్స్ అయినా కౌంట్ అలాగే ఉంటుంది. బంట్ (బ్యాట్ ఊపకుండా అడ్డం పెట్టి తాకించడం) చేసి ఫౌల్ కొడితే మాత్రం మూడో స్ట్రైక్. బ్యాట్ అంచుకి తగిలి నేరుగా క్యాచర్ చేతుల్లోకి పోయి నిలిచినా అంతే. ఎడ్జ్ అంటే వణికే క్రికెట్ బుర్రని ఇక్కడ పక్కన పెట్టు, ఇబ్బంది పెట్టే బంతిని పక్కకి తోసేయడం కూడా బ్యాటింగే.

సాధనకి టెన్నిస్ బంతులు చాలు. 10 మీటర్ల నుంచి గంటకి 65 కిలోమీటర్ల వేగంతో వేస్తే 0.55 సెకనులో వస్తుంది, అంటే దాదాపు నీ 110 పిచరే. 55తో వేస్తే 0.65, అది ఛేంజప్. 20 బంతుల్లో 14 వేగంగా, 6 మెల్లగా, ఏది ఎప్పుడో నీకు చెప్పకుండా వేయమను. వేసేవాడు చేతి వేగం తగ్గించకూడదు, మెల్లగా రావాలంటే బంతిని అరచేతిలోకి లోతుగా పట్టుకోవాలి. ప్రతి బంతికీ మనసులో ‘యస్, యస్’ అనుకుంటూనే కదలాలి, వద్దనుకుంటే చివర్లో ‘నో’. చాలామంది ‘నో’తో మొదలుపెట్టి, మంచి బంతి అని తేలేసరికి ఆలస్యమై చేతుల్తో లాగుతారు. బౌలింగ్ మెషీన్‌లో ఒకే వేగం పెట్టుకుని గంటలు గంటలు కొట్టడం దీనికి పనికిరాదు, చదవడానికి అక్కడ చెయ్యే ఉండదు. ఇంకొకటి, పిచర్ వెనకాల తెల్ల చొక్కాలు వేసుకున్న జనం కూర్చుంటే బంతి అందులో కలిసిపోతుంది. మేజర్ లీగ్ మైదానాల్లో సరిగ్గా అక్కడే ముదురు రంగు గోడో పరదానో ఉంచుతారు. మీ గ్రౌండ్‌లో జనాన్ని పక్కకి జరిపించు, లేకపోతే ఒక ముదురు ఆకుపచ్చ టార్పాలిన్ కట్టించు.