రక్తపు మరక కనబడిందని సెలవు అడిగితే రాజీనామా చేయమంటున్నారు

సందేహం: జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో కాంట్రాక్టర్ కింద ప్యాకింగ్ పని చేస్తున్నాను. చేరి ఏడాది దాటింది. ఇప్పుడు గర్భం ఎనిమిదో వారం. నాలుగు రోజులుగా రక్తపు మరక కనబడుతున్నది. స్కానింగ్‌లో బిడ్డ గుండె కొట్టుకుంటున్నదన్నారు, రెండు వారాలు రెస్టు రాశారు. సూపర్‌వైజరేమో ‘ప్రసూతి సెలవు ఏడో నెల తర్వాతే, కుదరకపోతే రాజీనామా రాసిచ్చి పో’ అంటున్నడు. గర్భం నిలవకపోతే నా పని, జీతం ఏమైతయి?
- ఒక సోదరి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మా, రాజీనామా మీద మాత్రం సంతకం పెట్టకండి. ఇష్టపూర్వకంగా మానేశానని మీ చేతిరాతతో కాగితం ఉంటే, తర్వాత ఎంత వాదించినా కష్టమే.

సూపర్‌వైజర్ చెప్పింది తప్పు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలో ఉన్న హక్కులే ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్ సెక్షన్ 65లో ఉన్నాయి. గర్భం వల్ల వచ్చిన అనారోగ్యానికి, అది ఏ నెలలోనైనా సరే, నెల రోజుల వరకు జీతంతో సెలవు ఉంది. మీకు ఇప్పుడు కావలసింది ఇదే. గర్భస్రావమైతే మర్నాటి నుంచి ఆరు వారాలు జీతంతో సెలవు. 26వ వారం వరకు ఎప్పుడు జరిగినా ఇది వర్తిస్తుంది. కాంట్రాక్టర్ ద్వారా చేరిన మహిళకూ ఈ హక్కులున్నాయి. గత 12 నెలల్లో 80 రోజుల పని ఉండాలన్న నియమం మీకు అడ్డం కాదు.

ఇలాంటి కేసులు ఎక్కువగా కాగితం దగ్గరే పోతాయి. ఓపీ చీటీ మీద ఉత్త ‘రెస్టు’ అని ఉంటే జ్వరానికి రాసినట్టే చూస్తారు. ఎన్నో వారం, గర్భం వల్ల రక్తస్రావం, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా విశ్రాంతి అని రాయించి, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర తీసుకోండి. దరఖాస్తుకు జిరాక్సులే జతచేయండి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉండాలి. అందినట్టు సంతకం పెట్టకపోతే కంపెనీకీ కాంట్రాక్టర్‌కూ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

జీతం చీటీలో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత ఉందా చూడండి. ఉంటే డబ్బు కంపెనీ ఇవ్వదు, ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసు ఇస్తుంది. బయటి ఆసుపత్రి కాగితాలతో వెంటనే ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లి అక్కడి సర్టిఫికెట్ తీసుకోండి.

మొదటి నెలల్లో మరక కనబడినా చాలామందికి గర్భం నిలుస్తుంది. కానీ గంటకో ప్యాడు తడిసినా, కడుపులో ఒకవైపు భరించలేని నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి. సెలవు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఒకవేళ గర్భం పోతే, ఇంట్లోనే అయిపోయిందని ఊరుకోకుండా ఆ రోజే ఆసుపత్రిలో చూపించుకుని తేదీతో రాయించుకోండి. ఆరు వారాల లెక్క మొదలయ్యేది ఆ తేదీని బట్టే.

ఈ సెలవులో ఉండగా పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. తీసేస్తే 60 రోజుల్లో అప్పీలు చేయాలి. మహబూబ్‌నగర్ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. టోల్‌ఫ్రీ నంబరు 15100.