తాతగారి భజన క్యాసెట్లు, నీ కంప్యూటర్ తబలా

చి. అల్లుడికి,
పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

బరంపురం నుంచి నువ్వు పంపిన పాట విన్నాను. పల్లవిలో నీ తబలా తాతగారి గొంతుతో బాగానే కలిసింది. రెండో చరణానికొచ్చేసరికి తబలాది ఒక దారి, భజనది ఒక దారి. "టేపుని గ్రిడ్‌లోకి లాగెయ్యనా మావయ్యా?" అని అడిగావు, అంటే కంప్యూటర్ గీసిన సమానమైన తాళం గీతలకి పాటని సర్దెయ్యనా అని. లాగకు. జారుతున్నది టేపా, మనుషులా అన్నది ముందు తేల్చుకో.

హార్మోనియం వింటే తెలిసిపోతుంది. నడకతో పాటు శ్రుతి కూడా ఎక్కుతుంటే తప్పు మిషన్‌ది. శ్రుతి నిలబడి నడక ఒక్కటే పెరిగితే అది గోష్ఠి ఊపు. మొదటిదాన్ని దిద్దాలి, రెండోదాని జోలికి పోకూడదు.

క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలని లెక్క. మన ఇళ్లలోని టేప్‌రికార్డర్లు ఆ లెక్క ఎప్పుడు పాటించాయి గనక! ఒక్క శాతం తేడా వస్తే చాలు, నాలుగు నిమిషాల పాటలో దాదాపు రెండున్నర సెకన్లు జారిపోతుంది. పైగా ఆ క్యాసెట్లలో సగం బ్యాటరీల మీద చేసినవి. రామనవమి పందిట్లో కరెంటు పోతే బ్యాటరీలు వేసి నడిపించేవాణ్ణి. అవి నీరసించేకొద్దీ మోటారు నెమ్మదించేది. అలా మెల్లగా నడిచిన టేపుని ఇప్పుడు మామూలు వేగంతో వేస్తే పాట పరుగెడుతుంది, శ్రుతి ఎక్కుతుంది. రెండో క్యాసెట్ చివర తాతగారి గొంతు కుర్రాడి గొంతులా ఉండేది అందుకే. "నాన్న ఎంత హుషారుగా పాడారో" అని మీ అమ్మ మురిసిపోతుంది. దానికి ఇదంతా చెప్పకు.

తాతగారి హార్మోనియం నా దగ్గరే ఉంది. ఆయన పోయాక శ్రుతి మార్చడానికి దాని రీడ్లు ఎవరూ గీకలేదు. ఆయన పాడేది నాలుగున్నర శ్రుతి. ఆ మెట్టు నొక్కి పది సెకన్లు వాట్సాప్‌లో పంపాను, బెల్లోస్ కిర్రుమనడం కూడా వినిపిస్తుంది, పట్టించుకోకు. ట్యూనర్ యాప్‌లో అది ఎంత చూపిస్తుందో, క్యాసెట్‌లో అదే స్వరం ఎంత చూపిస్తుందో పక్కపక్కన రాసుకో. శ్రుతి తేడాని సెంట్లలో కొలుస్తారు, నాలుగు నుంచి నాలుగున్నరకి నూరు సెంట్లు. వేగంలో ఒక శాతం అంటే సుమారు 17 సెంట్లు. ఆ లెక్కన వేగం మార్చు. రీపర్‌లో (నువ్వు పాట కలిపే సాఫ్ట్‌వేర్‌లో) చేసేటప్పుడు శ్రుతి మారకుండా ఆపే టిక్కు తప్పకుండా తీసెయ్, ఎందుకంటే టేపులో వేగం, శ్రుతి రెండూ కలిసే చెడ్డాయి, కలిసే బాగుపడాలి. బ్యాటరీ క్యాసెట్‌కి మాత్రం ఒక్క అంకె సరిపోదు. రెండు మూడు నిమిషాలకోసారి హార్మోనియంతో సరిచూసుకుంటూ కొంచెం కొంచెంగా దించుకురావాలి.

ఇంటర్నెట్‌లో ఇంకో చిట్కా కనిపిస్తుంది: టేపులో కరెంటు గుంయ్‌మనే చప్పుడు 50 హెర్ట్జ్ కాబట్టి, దాన్ని 50కి తెస్తే వేగం సరిపోతుందని. ఒకసారి నమ్మి దెబ్బతిన్నాను. ఒక టేపులో ఆ చప్పుడు 49 చూపిస్తే రెండు శాతం వేగం పెంచాను. తీరా హార్మోనియం దగ్గర పెడితే ముప్ఫై అయిదు సెంట్లు పైన కూర్చుంది. టేపు సరిగానే ఉంది, ఆ రోజు కరెంటే 49! ఆ రోజుల్లో మన కరెంటు గ్రిడ్‌లో 50 నిలకడగా ఉన్నదెప్పుడు? 2002-03 తర్వాత గానీ కాస్త దారికి రాలేదు. మన పాత టేపులకి హార్మోనియమే సాక్షి.

ఇదంతా చేసే ముందు టేపుని చదివే హెడ్, టేపుని లాగే రబ్బరు చక్రం (పించ్ రోలర్) స్పిరిట్‌తో తుడువు. హెడ్ పక్కన స్ప్రింగున్న చిన్న స్క్రూ ఉంటుంది. చిడతల మోత మొద్దుగా వినిపిస్తుంటే దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ విను, గలగలమనే చోట ఆపు. అయస్కాంతం పట్టిన స్క్రూడ్రైవర్ మాత్రం వాడకు. తర్వాత 24 బిట్‌లో, మధ్యలో ఆపకుండా, ఒక వైపు మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించు.

శ్రుతి దిద్దాక మిగిలిన ఊగిసలాట అంతా తాతగారిదే. ఇప్పుడు కంప్యూటరే ఆయన వెనకాల నడవాలి. వేవ్‌ఫారమ్‌లో (తెర మీది శబ్దం బొమ్మలో) చిడతల దెబ్బలు ముళ్లలా నిలబడి కనిపిస్తాయి. ప్రతి ఆవర్తం మొదటి దెబ్బ మీద, కంప్యూటర్‌కి నడక చెప్పే టెంపో గుర్తు పెట్టు. ప్రతి దెబ్బకీ పెట్టావో, తబలా తడబడుతున్నట్టుంటుంది. చరణం చివర ఆయన ఆగి అందరినీ చూసే చోట తబలా కూడా ఆగాలి. వెనకాల ఎవరో ఒడియాలో పిల్లాణ్ణి కేకేస్తారు, అది తుడిచెయ్యకు.

టైమ్‌కోడ్, అంటే టేపు ఎక్కడిదాకా నడిచిందో కంప్యూటర్‌కి చెప్పే సంకేతం, అడిగావు కదా. అది నాలుగు ట్రాకుల మిషన్ల ముచ్చట. చివరి ట్రాకు మీద ముందే ఆ కోడ్ ఎక్కించి, పక్క ట్రాకులోకి కారుతుందని వీలైతే దాన్ని ఖాళీగా ఉంచి, టేపు నడిచిన చోటికల్లా కంప్యూటర్‌ని పరిగెత్తించేవారు. పాట నిండిపోయిన మామూలు క్యాసెట్‌లో దానికి చోటెక్కడిది?

మూడో క్యాసెట్ బి వైపు చివర టేపు ముడతపడి ఉంది. దాన్ని నువ్వు వెయ్యకు. ఆదివారం వచ్చేటప్పుడు పట్టుకురా, ఇక్కడే చేద్దాం.

మీ మావయ్య